శాలువా కప్పాం కదా, ఇంకా ఏటి?

విశాఖలో యువతను ఎలా గుర్తిస్తారో తెలియాలంటే మద్దిలపాలెం జంక్షన్లో తలెత్తి చూడండి. ఫ్లెక్సీ. సగానికి పైగా నాయకుడి నవ్వు. ఆ పైన ఆయన నాయకుడి నవ్వు. పక్కన బావమరిది, వార్డు ఇన్‌ఛార్జి, కూలింగ్ గ్లాసుల తమ్ముళ్లు. అందరికీ అడుగున, ఓ మూల, పాస్‌పోర్టు సైజులో ఒక కుర్రాడు. రక్తదానం చేశాడట. ‘యువ సేవా రత్న’ అట. రక్తం వాడిది, ప్రచారం వీళ్లది. ఇంతకీ ఎవరు ఎవర్ని గుర్తించినట్టు?

ఇంకో ముచ్చట. ప్లాస్టిక్ ఫ్లెక్సీలు నిషేధమని అప్పటి ముఖ్యమంత్రి ప్రకటించింది ఈ ఊళ్లోనే. 2022 ఆగస్టు 26న. ఆ పొద్దున వేలమంది వంగి తీరమంతా చెత్త ఏరారు. 76 టన్నుల ప్లాస్టిక్ తీశామని సభలో గొప్పగా చెప్పుకున్నారు. చప్పట్లు కొట్టారు. తర్వాత? ముందు నవంబరు ఒకటి అన్నారు, ఆనక జనవరి 26 అన్నారు. ప్రభుత్వమే మారిపోయింది. ఫ్లెక్సీలో ముఖాలు మారాయి. ఫ్లెక్సీ మాత్రం చెక్కు చెదరలేదు. బీచ్ ఊడ్చిన పిల్లల్ని మెచ్చుకోవాలన్నా మళ్లీ ఆ ప్లాస్టిక్కే కావాలి మనవాళ్లకి!

సన్మాన సభకి ఎప్పుడైనా వెళ్లారా? వెళ్లే ఉంటారు. ఇంట్లో చదువుకునే పిల్లలుంటే తప్పే యోగం కాదది. కార్డులో పది గంటలు. పిల్లలు ఎనిమిదిన్నరకే రావాలి. ముఖ్య అతిథి పన్నెండు దాటాక. వేదిక మీద పద్నాలుగు కుర్చీలు, అవన్నీ పెద్దలవే. జ్యోతి ప్రజ్వలన. ఒకరినొకరు పొగుడుకోవడం. ఒకరికొకరు కప్పుకోవడం. సగం శాలువాలు అక్కడే ఖర్చు. అప్పుడు ‘టైమ్ లేదండీ, పిల్లలు త్వర త్వరగా రావాలి’ అని మైకులో కేక.

కుర్రాడు ఎక్కుతాడు. అతిథి మెమెంటో అందిస్తాడు. అందించడు, పట్టుకుంటాడు. కుర్రాడూ పట్టుకుంటాడు. ఆయన కుర్రాడి ముఖం చూడడు, కెమెరా చూస్తాడు. ‘సార్, ఇటొకటి’ అంటాడు ఫొటోగ్రాఫరు. నాలుగో క్లిక్కుకి గానీ ఆ వస్తువు చేతులు మారదు. దాని మీద స్పాన్సరు పేరు వేలెడంత. పిల్లాడి పేరు? చుక్కలు. ఇంటికెళ్లి రాసుకోవచ్చునట!

డబ్బు కట్టి కొనుక్కునే ‘యూత్ ఐకాన్’ల సంగతి ఎత్తడం లేదు. వాళ్లకి రసీదైనా దక్కుతుంది.

అయినా ఇదంతా చిల్లర బేరం. టోకు సన్మానం చూద్దాం.

2019 ఆగస్టు 15. గ్రామ, వార్డు వలంటీర్లు వచ్చారు. యాభై ఇళ్లకు ఒకరు. నెలకు 5,000 రూపాయలు. రాష్ట్రమంతా కలిపి రెండున్నర లక్షల పైమాటే. ఎక్కువమంది డిగ్రీలు చేతబట్టుకుని ఖాళీగా ఉన్న కుర్రకారు. ఒకటో తారీఖు తెల్లారకముందే పింఛను పట్టుకెళ్లి ముసలమ్మ తలుపు కొట్టాలి. విశాఖ కొండవాలు వార్డుల్లో ఆ తలుపు దాకా వెళ్లాలంటే ఎన్ని మెట్లెక్కాలో ఎక్కినవాళ్లకే తెలుసు. కరోనా రోజుల్లో జనం గడప దాటడానికి వణికితే, ఈ పిల్లలు గడప గడపకీ వెళ్లి ‘జ్వరం ఉందా అమ్మా?’ అని అడిగారు.

2021 ఫిబ్రవరిలో వాళ్లకి ఒక దుర్బుద్ధి పుట్టింది. జీతం పెంచమన్నారు. ఎంత ధైర్యం! అప్పటి ముఖ్యమంత్రి జగన్మోహన్ రెడ్డి గారు లేఖ రాశారు. మీది ఉద్యోగం కాదు, సేవ అన్నది దాని సారం. సేవకి జీతమేటి నాయనా? సేవకి సన్మానం ఉంటుంది. ఆ ఉగాదికే బిరుదులు దిగాయి. సేవా మిత్ర, సేవా రత్న, సేవా వజ్ర. పది వేలు, ఇరవై వేలు, ముప్ఫై వేలు. శాలువా, బ్యాడ్జీ, పతకం, ప్రశంసాపత్రం. వజ్రాలు నియోజకవర్గానికి అయిదే. మిగతావాళ్లలో ఎక్కువమంది మిత్రులు.

లెక్క చూద్దామా? మిత్రుడికి ఏడాదికి పది వేలంటే నెలకు 833 రూపాయలు. నెల జీతాన్ని రోజులకు పంచితే 166. ఆ ఏడాది రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 245. గడ్డపార పట్టినవాడికి వజ్రం బిరుదు లేదు, పాపం. కూలి మాత్రం ఉంది.

వలంటీర్లందరూ సత్యహరిశ్చంద్రులని ఎవరూ అనలేదు. పార్టీ పనులు చేశారన్న ఆరోపణ ఉంది. ఇంటింటి గుట్టూ వాళ్ల ఫోన్లలో ఉందన్న భయమూ ఉంది. 2024 మార్చిలో ఎన్నికల సంఘం వాళ్లని పింఛన్ల పంపిణీకి దూరం పెట్టింది. సరే, ఒప్పుకుందాం. చేయించినవాళ్లెవరు? వాళ్ల ఉద్యోగాలు పోయాయా? వాళ్ల పింఛన్లు ఆగాయా?

ఇప్పుడు రెండో అంకం. 2024 ఫిబ్రవరి 15న గుంటూరు జిల్లా ఫిరంగిపురంలో బ్రహ్మాండమైన సభ. బహుమతులు పెరిగాయి. పదిహేను వేలు, ముప్ఫై వేలు, నలభై అయిదు వేలు. ఏప్రిల్లో ఉగాది నాడు చంద్రబాబు నాయుడు గారు ఊరుకుంటారా? మేమొస్తే గౌరవ వేతనం పది వేలు చేస్తామన్నారు. జూన్లో వచ్చారు. పది వేలు రాలేదు. ఉన్న అయిదు వేలూ పోయాయి. అడిగితే శాసనమండలిలో మంత్రి గారు తేల్చేశారు. 2023లో గడువు తీరాక కొనసాగింపు జీవోయే ఇవ్వలేదట. కాబట్టి వలంటీర్లే లేరట. లేనివాళ్లకి జీతం ఎలా ఇస్తాం అట.

ఆగండి. 2023 తర్వాత వాళ్లు లేకపోతే, 2024 ఫిబ్రవరిలో ఎవరికి శాలువా కప్పినట్టు? ఎవరి మెడలో దండేసినట్టు? లేని మనిషికి దండ వెయ్యడం మనకి కొత్త కాదులెండి, ఫొటోకి వేస్తాం. ఒకాయన వజ్రం అన్నారు, కాగితం మీద బతికించడం మర్చిపోయారు. ఇంకొకాయన పది వేలన్నారు, ఆ కాగితమే చూపించి బతికే లేరన్నారు. ఇద్దరూ సేవకి చేతులెత్తి మొక్కినవాళ్లే. ఇంతలో ఆ కుర్రాళ్లకి నాలుగైదేళ్ల వయసు కరిగిపోయింది. ఇంటర్వ్యూకి వెళితే అనుభవం కింద ఏం రాయాలి? ‘సేవా రత్న, ప్రస్తుతం ఉనికిలో లేను’ అనా?

పిల్లల్ని లెక్కల్లోకి మార్చడంలో కొత్త ప్రభుత్వమూ తక్కువ తినలేదు. 2025 జూన్ 20న ఆంధ్ర విశ్వకళాపరిషత్ ఇంజనీరింగ్ కాలేజీ మైదానంలో 22,122 మంది గిరిజన విద్యార్థులు 108 నిమిషాల్లో 108 సూర్య నమస్కారాలు చేశారు. గిన్నిస్ రికార్డు. మర్నాడు బీచ్ రోడ్డు పొడవునా ప్రధానితో యోగా, అదింకో రికార్డు. పిల్లల క్రమశిక్షణ చూసి పెద్దలు మురిసిపోయారు. మురవాల్సిందే. నూట ఎనిమిది సార్లు నడుము వంచడం వాళ్లలో ఎంతమందికి వచ్చు? పిల్లలకి వచ్చు. అయితే ఆ రికార్డు పత్రం ఎవరి గోడకి వేలాడుతుంది? ఏ పిల్లాడి హాస్టల్ గదిలోనైనా చూశారా?

అదే ఏడాది అక్టోబరులో పార్వతీపురం మన్యం జిల్లా కురుపాం గిరిజన బాలికల గురుకులంలో పచ్చకామెర్లు. ఇద్దరు అమ్మాయిలు చనిపోయారు. పదుల సంఖ్యలో పిల్లల్ని విశాఖ కేజీహెచ్‌కి తెచ్చి పడుకోబెట్టారు. అందరి వేళ్లూ తాగునీటి వైపే చూపించాయి. సూర్యుడికి దండం పెట్టించడానికి బస్సులు కట్టారు, భోజనాలు పెట్టారు, బార్‌కోడ్లు అతికించి లెక్కపెట్టారు అనుకుందాం. గురుకులంలో నీళ్ల శుద్ధి యంత్రం నడుస్తోందో లేదో చూడ్డానికి ఎందుకు మనిషి దొరకలేదు? గిన్నిస్ వాళ్లు వచ్చి కొలిస్తేనే గానీ కుళాయి తిప్పరా?

ఈ ఊరికి త్యాగాన్ని గుర్తించడం కూడా ఇలాగే వచ్చు. ఉక్కు కర్మాగారం కోసం 1966లో 32 మంది ప్రాణాలిచ్చారంటాం. ప్రతి ఉపన్యాసంలోనూ ఆ అంకె మోగుతుంది. ఆ ముప్ఫై రెండులో ఒక్క పేరు చెప్పమనండి ఏ మంత్రినైనా. 2021లో గణతంత్ర దినోత్సవం మర్నాడే, జనవరి 27న, ఆ కర్మాగారంలో నూరు శాతం వాటా అమ్మడానికి కేంద్ర మంత్రివర్గ సంఘం సూత్రప్రాయంగా ఊ కొట్టింది. జెండా ఇంకా దించారో లేదో!

ఇక మన జ్యోతి యర్రాజి. వైజాగ్ అమ్మాయి. తండ్రి సెక్యూరిటీ గార్డు, తల్లి ఇళ్లల్లో, ఆసుపత్రిలో పని చేసింది. పోర్టు హైస్కూల్లో హర్డిల్స్ మొదలెట్టింది. 2022లో ఇరవై ఏళ్ల నాటి జాతీయ రికార్డు బద్దలుకొట్టింది. 2023లో బ్యాంకాక్‌లో ఆసియా బంగారం. హాంగ్‌ఝౌలో ఆసియా క్రీడల వెండి. 2024లో పారిస్ ఒలింపిక్స్‌లో నూరు మీటర్ల హర్డిల్స్‌లో పరుగెత్తిన తొలి భారతీయురాలు. ఆ తర్వాత అర్జున. పతకం వచ్చినప్పుడల్లా ‘మన అమ్మాయి’ అన్నాం. మంచిదే. మరి మన అమ్మాయి పరుగు నేర్చింది ఎక్కడ? హైదరాబాద్, గుంటూరు, చివరికి భువనేశ్వర్! ట్రాక్ పక్క రాష్ట్రంలో దొరికింది, కోచ్ అక్కడే దొరికాడు. మనం ఏం ఇచ్చాం? గెలిచాక మెచ్చుకున్నాం. బొకేలు ఇచ్చాం. ఆసియా క్రీడల తర్వాత చెక్కులూ ఇచ్చారు, కాదనను. కానీ గెలిచినవాళ్లకి ఇచ్చే డబ్బు బహుమతి. గెలవకముందు పెట్టే డబ్బు పెట్టుబడి. రెండోదానికి ఫొటో రాదు, అదీ చిక్కు.

ఫొటో రానివాళ్లు ఇంకా ఉన్నారు. ఆర్కే బీచ్‌లోనో యారాడలోనో ఎవరైనా కొట్టుకుపోతే మర్నాడు పేపర్లో ఒక వాక్యం వస్తుంది. ‘గజ ఈతగాళ్లను రప్పించి గాలింపు చేపట్టారు.’ పర్యవేక్షించిన అధికారి పేరు ఉంటుంది, హోదా ఉంటుంది. కెరటంలో దూకినవాడి పేరు? గజ ఈతగాడు. అంతే. మా పత్రికల వాళ్లమూ తక్కువేం కాదు.

విదేశాల్లో అంతా గొప్పగా ఉందని కాదు. అమెరికాలో 1979 నుంచి అక్కడి చట్టసభ కాంగ్రెస్ యువతకిచ్చే అవార్డు ఒకటుంది. బంగారు పతకానికి 400 గంటల సేవ చెయ్యాలి. ఎవరితోనూ పోటీ లేదు, ఎమ్మెల్యే సిఫార్సు లేఖ లేదు, పిల్లలే లక్ష్యం పెట్టుకుని గంటలు లెక్క చూపాలి. వినడానికి ముచ్చటగానే ఉంది. మన వాళ్లక్కడ దాన్నీ కాలేజీ సీటుకి నిచ్చెన చేసుకోలేదంటారా? అయినా ఒక్కటి నచ్చింది. ముందు పని, తర్వాత పతకం. మన దగ్గర ముందు ఫంక్షన్ హాలు బుక్ అవుతుంది, తర్వాత గ్రహీతల్ని వెతుకుతారు.

తనిఖీ అన్న మాట కూడా ఒకటుంది. ఋషికొండ బీచ్‌కి 2020లో శుభ్రమైన తీరాలకిచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. 2025 మొదట్లో శుభ్రత బాగోలేదని తాత్కాలికంగా పీకేశారు. అధికారులు పరుగులు పెట్టారు. ఊడ్చారు, కుక్కల్ని తరిమారు, వారాల్లో జెండా తిరిగొచ్చింది. చూశారా? ఇచ్చినవాడు మళ్లీ వచ్చి చూస్తాడని తెలిస్తే మనవాళ్లకి ఎంత ఒళ్లొంగుతుందో! మరి మనం ఇచ్చిన అవార్డుల మీద ఆ తనిఖీ ఏదీ? సేవా వజ్రకి పని ఉందా, సూర్య నమస్కారం చేసిన పిల్లకి మంచినీళ్లున్నాయా అని ఆర్నెల్ల తర్వాత వచ్చి చూసే నాథుడెవరు? బీచ్‌కున్న విలువ పిల్లలకి లేదా?

2025 నవంబరులో అంధ మహిళల తొలి టీ20 క్రికెట్ ప్రపంచకప్ ఫైనల్ కొలంబోలో జరిగింది. మన దేశమే గెలిచింది. జట్టులో విశాఖ అంధ బాలికల పాఠశాలలో చదువుకునే పాడేరు వైపు అమ్మాయి ఉంది. కెప్టెన్ది మడకశిర వైపు పల్లె. డిసెంబరులో ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ గారు పిలిచి సత్కరించారు, క్రీడాకారిణులకు తలా అయిదు లక్షలు ఇచ్చారు. కెప్టెన్ ఏమడిగిందో తెలుసా? మా ఊరికి రోడ్డు వెయ్యండి అంది. వెంటనే మంజూరు చేశారు. భేష్. ఆయన శాఖే కదా, పంచాయతీరాజ్. కళ్లు కనపడని పిల్ల సముద్రం దాటి కప్పు తెచ్చి చూపిస్తే గానీ ఆ శాఖకి రోడ్డు లేని ఊరు కనపడలేదు.

అల్లూరి జిల్లాలో ఇప్పటికీ నిండు గర్భిణుల్ని డోలీ కట్టి కొండ దించుతున్న పల్లెలు ఉన్నాయి. అక్కడి పిల్లలు ఏ ఆటలో ప్రపంచకప్ గెలవాలో ఆ శాఖవారు ఒక జీవో ఇస్తే పుణ్యం ఉంటుంది. క్రికెట్ అయితే మైదానం కావాలి. హర్డిల్స్‌కి భువనేశ్వర్ వెళ్లాలి. ఏ ఊరికి ఏ కప్పో ముందే చెప్పేస్తే, కుర్రాళ్లు ఇప్పట్నుంచే సాధన మొదలుపెడతారు!