పచ్చకామెర్ల పచ్చబొట్టు

ఓపెన్‌సోర్స్ ప్యాకేజీ పెట్టినవాళ్లు రీడ్‌మీ నుదుట ముందుగా దిద్దేది పచ్చబొట్టు. దానిమీద 'బిల్డ్ పాసింగ్' అని ఉంటుంది. అన్ని సిస్టమ్‌ల మీదా నడుస్తుందని మనం చదువుకోవాలి. వెనకున్న యామల్ ఫైలు తెరిస్తే పెళ్లి భోజనాల హడావుడే. లినక్స్, విండోస్, మ్యాక్. ఒక్కోదానికి పైథాన్ వెర్షన్లు అయిదు. పుష్ కొట్టిన ప్రతిసారీ 15 జాబ్‌లు నిద్రలేస్తాయి. లేచి ఏం చేస్తాయయ్యా అంటే, ప్యాకేజీని ఇంపోర్ట్ చేసి, వెర్షన్ నంబరు ఖాళీగా లేదని చూసుకుని మళ్లీ పడుకుంటాయి. 15 విస్తళ్లు పరిచి అన్నిట్లోనూ ఉప్పు మాత్రమే వడ్డించారన్నమాట. ఆపాటి పరీక్ష కూడా రాయకపోతే పైటెస్ట్ ఊరుకోదు, ఎగ్జిట్ కోడ్ 5 ఇచ్చి అలుగుతుంది. దానికీ మందుంది: కమాండ్ చివర రెండు నిలువు గీతలు గీసి 'ట్రూ' తగిలిస్తే ఓడినా గెలిచినట్టే. విండోస్ ఒక్కటే మొండికేస్తే 'కంటిన్యూ ఆన్ ఎర్రర్' అనే లైను ఉండనే ఉంది.

అసలు సిస్టమ్‌ల తేడా ఎక్కడ కాటేస్తుందో చూడండి. పైథాన్ 3.14 దాకా విండోస్‌లో ఎన్‌కోడింగ్ చెప్పకుండా ఫైలు తెరిస్తే యూటీఎఫ్-8 కాదు, ఆ సిస్టమ్ కోడ్‌పేజీ వర్తిస్తుంది. అమెరికన్ ఇంగ్లీషు విండోస్‌లో అది మామూలుగా 1252. అందులో తెలుగుకు చోటు లేదు. ఫైల్లో ఒక్క 'అ' రాయబోతే ప్రోగ్రామ్ అక్కడే కూలుతుంది. అదే కోడ్ లినక్స్‌లో హాయిగా నడుస్తుంది. ఈ తప్పు పట్టడానికి విండోస్ మీద ఒక్క జాబ్, 'అ' రాసి మళ్లీ చదివే నాలుగు లైన్ల పరీక్ష చాలు. ఆ నాలుగు లైన్లు లేనప్పుడు జాబ్‌లు 150 పెట్టినా, పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగానే కనిపిస్తుంది.

జీతంభత్యం లేని వలంటీర్లను ఇలా దెప్పడం న్యాయమా, ఎంతోకొంత పరీక్ష నయం కదా అంటారు. నయమే. సీ కోడ్ ఉన్న ప్యాకేజీ ఏదో సిస్టమ్ మీద కంపైల్ కాకపోతే ఆ సంగతి ఇంపోర్ట్ దాకా కూడా పోకుండానే బయటపడుతుంది. లినక్స్ తప్ప ఇంకో మెషీన్ లేనివాళ్లకి విండోస్ జాబ్ నిజంగా వరం. తగాదా పరీక్షతో కాదు, బొట్టుతో. 'లినక్స్ మీద మాత్రమే చూశాం' అని రీడ్‌మీలో రాయడం 15 జాబ్‌ల యామల్ కన్నా తేలికే. కాకపోతే అందులో దర్పం ఉండదు. మీ బొట్టు సంగతి తేలాలంటే ఒక బ్రాంచిలో ముఖ్యమైన ఫంక్షన్ తెరిచి, కూడికను తీసివేతగా మార్చి పుష్ కొట్టండి. అప్పటికీ అన్నీ పచ్చగానే ఉంటే బొట్టు చెరిపేయండి. ఇది చెరిగే రకమే.