మాట తప్పని కొడుకు

ఆదోని పక్క పల్లెలో ఆ పెద్దాయన కన్నుమూసే ముందు ఫాదర్ వచ్చి అభ్యంగనం ఇచ్చారు. యేటా గుంటూరు వైపు మిరపకోతల సుగ్గికి పోయి కొడుకును చదివించిన మనిషి. ఆ కొడుకు చెయ్యి పట్టుకుని ఒకటే అడిగాడు.

"మీయమ్మను ఒక్క పూట గూడా పస్తు పెట్టొద్దురా."

తండ్రి మెడలోని జపమాల ముట్టుకుని కొడుకు మాటిచ్చాడు. ఫాదరే సాక్షి.

కొడుకు బెంగళూరులో బాగా సంపాదించాడు. సెప్టెంబరు 8న మరియమాత పండుగకు తప్పకుండా వేళాంకణి పోతాడు. తండ్రి సంవత్సరీకానికి పూజ పెట్టించి, విచారణ మొత్తానికీ వేటమాంసంతో భోజనాలు పెట్టాడు.

ఆ రోజు ప్రసంగం నాలుగో ఆజ్ఞ మీద. ఫాదర్ మార్కు సువార్త 7వ అధ్యాయం తీశారు. అమ్మానాన్నలకు పెట్టాల్సింది దేవుడికి 'కొర్బాను' చేసేశామని తప్పించుకునేవాళ్లను యేసు ఎట్లా గద్దించాడో విడమరిచి చెప్పారు.

పూజ అయ్యాక కొడుకే ఆయన దగ్గరికొచ్చాడు.

"నేను ఆ కొర్బాను కొడుకును గాను ఫాదర్. మనూర్లో నీళ్లకే కటకట. అందుకే అమ్మను మంత్రాలయంలో పెట్టినా. తుంగభద్ర ఒడ్డు. మఠం పక్క సందులోనే రూము. నెలనెలా బాడుగ నేనే కడతా. రెండు పూటలా కడుపునిండా తింటాంది. ప్రయాణం పడక రాలేదు, అంతే."

ఫాదర్ అతని తల మీద చెయ్యి పెట్టి దీవించారు. మరుసటి ఆదివారం పేరు చెప్పకుండా అతన్నే ఉదాహరణగా చూపించారు. ముసలి తల్లులు కొంగుతో కళ్లొత్తుకున్నారు.

కొన్నాళ్లకు అటు పనిపడి, ముందురోజే కబురుపెట్టి, అవ్వకు దివ్యసత్ప్రసాదం తీసుకుపోయారు ఫాదర్. మధ్యాహ్నం రెండు దాటింది. రూము శుభ్రంగా ఉంది. గోడకు వేళాంకణి మాత పటం, మంచం మీద కొత్త పరుపు. అవ్వ మాత్రం నీరసంగా గోడకు చేరగిలి ఉంది.

"తిన్నావా అవ్వా?"

"ల్యా ఫాదరూ. ఈ పొద్దు ఉపాసం."

ఆమె భక్తికి ఫాదర్ మనసు కరిగింది.

"సత్ప్రసాదానికి ముందు ఒక్క గంట చాలవ్వా. నీ వయసుకు అదీ అక్కర్లేదు."

"దానికి గాదు ఫాదరూ. ఈ పొద్దు ఏకాదశి. మఠంలో బువ్వ పెట్టరు."