తరుగు పోను మిగిలింది

సరుకు ఒక చేతి నుంచి ఇంకో చేతికి మారడానికి ముఖ్యంగా మూడు దారులున్నాయని ఆర్థిక చరిత్రకారుడు కార్ల్ పొలానీ 1944లో రాశాడు. ఒకరికొకరు ఇచ్చిపుచ్చుకోవడం ఒకటి, అంతా ఒకచోట పోగుచేసి పంచడం రెండోది, బజారులో అమ్ముకోవడం మూడోది. పొలానీ మా నెల్లూరు జిల్లా కొండాపురం చూడలేదు. చూసి ఉంటే నాలుగో దారి కూడా రాసేవాడు. దాని పేరు తరుగు. ఈ జిల్లా పడమటి మెట్టలో, ఉదయగిరి, ఆత్మకూరు పక్క, మూడు దారులూ ఇప్పటికీ నడుస్తున్నాయి. ఏ దారిన వెళ్లినా మధ్యలో ఒక కొలపాత్రో కాటానో ఎదురవుతుంది. దాన్ని పట్టుకున్న చెయ్యి ఎప్పుడూ రైతుది కాదు, కూలీది అంతకన్నా కాదు.

పాతకాలంలో పంపిణీ కళ్లంలో జరిగేది. కర్రు సాగగొట్టిన కమ్మరి, కాడిమాను చెక్కిన వడ్రంగి, కుండలిచ్చిన కుమ్మరి, బట్టలుతికిన చాకలి, గడ్డం గీసిన మంగలి, చెరువు తూము కాడ కాపలా ఉండి నీళ్లు పారించిన నీరుగంటి ఏడాది పొడుగునా పనిచేసి నూర్పిళ్లనాడు వచ్చి నిలబడేవారు. ఇలాంటి ఆయగాళ్లు ఊరికి పన్నెండు మందని లెక్క. వాళ్లకు ముట్టేదాన్ని మేర అనేవారు. ఇంత పనికి ఇన్ని గింజలని నిలదీసి అడిగే ఆచారం లేదు. వాన పడని ఏడాది పని ఉండేది, మేర ఉండేది కాదు. దీన్ని పరస్పర సహకారమని మెచ్చుకుంటూ రాసిన పుస్తకాలు చాలానే ఉన్నాయి. రాసినవాళ్లెవరూ కళ్లం అంచున చేట పట్టుకుని నిలబడినట్టు దాఖలా లేదు.

కొలతల పట్టిక మాత్రం నిక్కచ్చిగా ఉండేది. నాలుగు గిద్దెలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం, నాలుగు కుంచాలు తూము, ఇరవై తూములు పుట్టి. పట్టికలో మోసం లేదు, అదంతా అరచేతిలో ఉండేది. కుంచం చేతిలో ఉన్నవాడు పుచ్చుకునేటప్పుడు కుంచం మీద గింజలు గాలిగోపురంలా లేచి నిలబడేవి. ఇచ్చేటప్పుడు కుంచం అంచు మీద అరచెయ్యి ఒక్కసారి అలా జారేది, గోపురం నేల రాలేది. నాముకు, అంటే అప్పుకు, తెచ్చుకున్న గింజలు తలకొట్టిన కుంచంతో ఇంటికి వచ్చి, గోపురం కుంచంతో తిరిగి వెళ్లేవి. వడ్డీ వేరే.

కుంచాలు పోయి కిలోలు వచ్చాయి గానీ పుట్టి పోలేదు. నెల్లూరు జిల్లాలో ధాన్యం పుట్టి అంటే 850 కిలోలు. పక్క జిల్లాకు పోతే అదే పుట్టికి ఇంకో బరువు. సర్కారు క్వింటాలులో మాట్లాడుతుంది, వ్యాపారి పుట్టిలో మాట్లాడతాడు, రైతు మధ్యలో కూర్చుని ఎనిమిదిన్నరతో గుణించుకుంటాడు. 2024-25లో ఏ గ్రేడు వడ్లకు మద్దతు ధర క్వింటాలుకు 2,320 రూపాయలు. అంటే పుట్టికి 19,720. ఈ అంకె కాగితం మీద చాలా అందంగా ఉంటుంది. కళ్లం కాడికి వచ్చేసరికి తేమ, తాలు, మట్టి అంటూ ఒక్కొక్కటే దానిమీద వాలతాయి. తేమ 17 శాతం దాటకూడదని నిబంధన. దాన్ని కొలవడానికి మీటరుంది. వ్యాపారికి మాత్రం అంతకన్నా పాత మీటరు నోట్లోనే ఉంటుంది. నాలుగు గింజలు తీసి పంటికింద వేసుకుని, ఆకాశంలోకి చూస్తూ కొరుకుతాడు. మీటరు 17 చూపించినా పన్ను 20 చూపిస్తుంది. పన్నుకు అప్పీలు లేదు.

మెట్టలో వరి కన్నా పొగాకు మాటే ఎక్కువ. కొండాపురానికి దగ్గరలో కలిగిరిలో ఒక వేలం కేంద్రం, మర్రిపాడు మండలం డీసీపల్లిలో ఇంకొకటి ఉన్నాయి. 1976లో మొదలైన పొగాకు బోర్డు ఇక్కడ వేలం నడుపుతుంది. ఆకు కాల్చే ఒక్కో బ్యారన్‌కు ఇంతే పండించాలని ముందే పరిమితి, పండించినవాడికి రిజిస్ట్రేషను, కొనేవాడికి లైసెన్సు. మనిషిని చంపుతుందని పెట్టె మీద బొమ్మ వేసి మరీ అమ్మే సరుకుకు ఇంత భద్రమైన బజారు ఉంది. మనిషిని బతికించే టమోటా రోడ్డు పక్కన ఎండలో కూర్చుంటుంది. అయితే భద్రం అన్నది బజారుకే, రైతుకని ఎవరూ మాట ఇవ్వలేదు. ఆకు కోసి, బ్యారన్‌లో కాల్చి, గ్రేడు చేసి, బేలు కట్టి, బండెక్కించి తెస్తే, వరసలో పెట్టిన బేలు ముందు కొనేవాళ్లు నిమిషం కూడా నిలబడరు. నచ్చకపోతే నోబిడ్. నోబిడ్ అయిన బేలు ఎక్కివచ్చిన బండిలోనే ఇంటికి వెళ్తుంది, బాడుగ రైతుదే. అర్థశాస్త్రం దీన్ని స్వేచ్ఛా విపణి అంటుంది. స్వేచ్ఛ ఎవరిదని అందులో రాసి ఉండదు.

డబ్బు వచ్చాక వస్తుమార్పిడి పోయిందని బడి పుస్తకాలు చెబుతాయి. ఆ సంగతి వీధిలో సైకిలు మీద తిరిగే మనిషికి ఇంకా తెలియదు. చిక్కు వెంట్రుకలకు స్టీలు గిన్నె, పాత ఇనుముకు ఎర్రగడ్డలు. వెంట్రుకలు ఎంత ఇచ్చినా అడిగిన బిందె రాదు, దాని పక్కనున్న చిన్న గిన్నే వస్తుంది. 2016 నవంబరు 8 రాత్రి పెద్ద నోట్లు రద్దయి దేశమంతా బ్యాంకు ముందు నిలబడినప్పుడు, చేతిలో రద్దు కాని సరుకున్నది ఈ సైకిలాయనకే.

ఇక ఇచ్చిపుచ్చుకోవడం. పసిఫిక్ మహాసముద్రంలో ట్రోబ్రియాండ్ దీవుల వాళ్లు గవ్వల హారాలు ఒకవైపు, గవ్వల కడియాలు ఇంకోవైపు దీవి నుంచి దీవికి తిప్పుతుంటారని, ఎవరూ వాటిని శాశ్వతంగా ఉంచుకోరని మానవశాస్త్రవేత్త మాలినోవ్‌స్కీ 1922లో రాస్తే లోకం నోరెళ్లబెట్టింది. కొండాపురంలో ఆ పని జాకెట్టు ముక్క చేస్తుంది. లోపల అట్ట, పైన మెరిసే కాగితం, మూలన దుకాణం స్టిక్కరు. ఏ చీరకూ కలవని రంగు. పసుపు కుంకుమలతో ఒక ఇంట్లో చేతికి వస్తుంది, వారం తిరక్కుండా ఇంకో ఇంట్లో ఇంకో చేతికి వెళ్తుంది. మడత కాడ రంగు వెలిసేదాకా తిరుగుతుంది గానీ కత్తెర ముఖం చూడదు. ఇచ్చిన ఇంటికే అది తిరిగి రావడం కూడా ఉంది. అప్పుడు ఇద్దరూ గుర్తుపడతారు, ఇద్దరూ బయటపడరు. మెట్ట ప్రాంతం మొత్తం మీద తరుగు లేకుండా చలామణీ అవుతున్న సరుకు ఇదొక్కటే.

చదివింపులకు మాత్రం పద్దుంది. పందిరి ముందు బల్ల, పొడుగాటి పుస్తకం, అక్షరం బాగున్న బంధువు. పేరు, ఊరు, అంకె. నూటపదహార్లు వెయ్యినూటపదహార్లయ్యాయి, కవర్ల పక్కన క్యూఆర్ కోడ్ అట్ట కూడా వెలిసింది. రేపు ఇంకొకరింట్లో పెళ్లయితే ఈ పుస్తకమే బయటికి వస్తుంది. ‘మనకెంత చదివించాడో చూడు’ అన్నాక, ఆ అంకెకు తగ్గకుండా కవరు కడతారు. వడ్డీ అనే మాట ఎవరూ ఎత్తని, ఎవరూ ఎగ్గొట్టని అప్పు ఇది. బ్యాంకులు ఈ పుస్తకం ముందు తల వంచాలి.

పోగుచేసి పంచే పని సర్కారుది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యంతో అది ఇంటింటి మాటయింది. 2013 ఆహార భద్రత చట్టం మనిషికి నెలకు 5 కిలోలు, అంత్యోదయ కుటుంబానికి 35 కిలోలు అంది. 2023 జనవరి నుంచి చట్టం కింద ఉన్న కార్డులకు ఆ బియ్యం ఉచితం. రైతు కాడ కొన్న వడ్లు మిల్లుకు, బియ్యం గోదాముకు, అక్కణ్ణుంచి దుకాణానికి, కార్డుదారు సంచిలోకి వస్తాయి. సంచి ఇంటికి చేరకముందే వీధి చివర కొనేవాడు ఎదురైతే, మళ్లీ మిల్లుకు, మెరుగు పెట్టించుకుని ఓడరేవుకు. జాకెట్టు ముక్క తిరిగేది మండలంలోనే, బియ్యానికి సముద్రం కూడా అడ్డం కాదు. 2024 నవంబరులో ఉపముఖ్యమంత్రి కాకినాడ రేవులో ‘సీజ్ ది షిప్’ అనాల్సి వచ్చింది అందుకే.

మధ్యలో బియ్యమే మనిషి దగ్గరికి నడిచి రావాలని 2021 జనవరిలో 9,260 బండ్లు రోడ్డెక్కాయి. 2025 జూన్ 1 నుంచి మళ్లీ మనిషే బియ్యం దగ్గరికి నడవాలన్నారు, ముసలివాళ్లకూ దివ్యాంగులకూ తప్ప. ఇప్పుడు నెలలో 1 నుంచి 15వ తేదీ దాకా చౌకదుకాణం తెరుస్తారు. మెషీను మీద వేలు పెట్టాలి. సంచి మాత్రం అప్పుడూ ఇప్పుడూ కార్డుదారే తెచ్చుకోవాలి.