హార్ ఫైల్ ఒకటి పంపండి, చాలు

ఏపీఐ టెస్టింగ్ అంత సులువైన పని ఇంకొకటి లేదని ఈమధ్య చాలామంది గట్టిగా నమ్ముతున్నారు. బ్రౌజర్‌లో డెవ్‌టూల్స్ తెరవాలి, నెట్‌వర్క్ ట్యాబ్ నొక్కాలి, లాగిన్ అయి నాలుగు పేజీలు తిరగాలి, బ్రౌజర్‌కీ సర్వర్‌కీ మధ్య నడిచిన రాకపోకల లాగ్ మొత్తం హార్ ఫైల్‌గా దించుకోవాలి. ఏదో ఒక టూల్‌కి దాన్ని తినిపిస్తే టెస్టులు వాటంతటవే పుట్టుకొస్తాయట. ఆపైన ఫైల్‌ని గిట్‌లో పెట్టెయ్యి, టీమ్ గ్రూపులో పడెయ్యి, సపోర్ట్ టికెట్‌కి తగిలించు. "లాగే కదా సార్, అందులో ఏముంటుంది!"

ఏముండదో చెప్పడం తేలిక. లాగిన్ రిక్వెస్ట్‌లో మీరు కొట్టిన పాస్‌వర్డ్ సాధారణంగా అక్షరం పొల్లుపోకుండా ఉంటుంది. రెస్పాన్సుల్లో కస్టమర్ల ఫోన్ నంబర్లూ చిరునామాలూ ఉంటాయి. అన్నిటికన్నా రుచికరమైనది సెషన్ కుకీ. ఓటీపీ గండాలన్నీ మీరు దాటాకే సర్వర్ దాన్ని ఇస్తుంది గనుక, అది దొరికినవాణ్ణి మళ్లీ ఓటీపీ అడిగే నాథుడు చాలాచోట్ల ఉండడు. కొళాయి కారుతోందని చెప్పడానికి ప్లంబర్‌కి బీరువా తాళంతో సహా గుత్తి మొత్తం కొరియర్ చేసే ఉదారులం మనం.

"హెచ్‌టీటీపీఎస్ ఉందిగా" అని ఒకాయన ధీమా. ఉంది నాయనా, దారి పొడవునా ఉంది. ఫైల్ తయారయ్యేది మాత్రం మీ బ్రౌజర్ లోపల, మూట విప్పిన తర్వాత. అది చదవడానికి నోట్‌ప్యాడ్ చాలు. "నేను ఇన్‌కాగ్నిటోలో రికార్డ్ చేశా" అనేవారు ఇంకొకరు. ఆ నల్ల కిటికీ మీ హిస్టరీని ఇంట్లోవాళ్ల నుంచి దాస్తుంది, ఫైల్‌లోకి కుకీ ఎక్కకుండా ఆపదు.

2023 అక్టోబరు సంగతి చూడండి. ఆక్టా అంటే లోకంలోని కంపెనీలకు లాగిన్ భద్రత అమ్మే సంస్థ. దాని కస్టమర్ సపోర్ట్ వ్యవస్థలోకి దొంగలు దూరి 134 మంది కస్టమర్ల ఫైళ్లు తిరగేశారు. వాటిలో సపోర్ట్‌వాళ్లు అడిగి తెప్పించుకున్న హార్ ఫైళ్లూ ఉన్నాయి. వాటిలోని సెషన్ టోకెన్లతో ఐదుగురు కస్టమర్ల సెషన్లలోకి ఎక్కి కూర్చున్నారు. బయటికొచ్చి చెప్పిన బాధితులు వన్‌పాస్‌వర్డ్, బియాండ్‌ట్రస్ట్, క్లౌడ్‌ఫ్లేర్. ముగ్గురూ భద్రతే వ్యాపారంగా బతికేవాళ్లు! ఆక్టా అడిగిన ఫైల్‌ని బియాండ్‌ట్రస్ట్ అడ్మిన్ ఎక్కించిన అరగంటలోపే ఎవరో ఆయన కుకీతో లోపలికి వచ్చేశారు. సపోర్ట్ టికెట్‌కి అంత త్వరగా స్పందించినవాణ్ణి నేనింతవరకు చూడలేదు.

ఆ తర్వాత క్లౌడ్‌ఫ్లేర్ హార్ ఫైళ్లను కడిగే పరికరం ఒకటి విడుదల చేసింది. 2024లో క్రోమ్ 130 కూడా కుకీలనూ ఆథరైజేషన్ హెడర్‌నూ తనంతట తానే వదిలేసి ఫైల్ ఇవ్వడం మొదలుపెట్టింది. మన వీరులు ఊరుకుంటారా? కుకీ లేక టెస్టుల్లో 401 ఎర్రర్ వస్తోందని సెట్టింగ్స్ వెతికి మరీ, రహస్యాలతో సహా దించుకునే మీట నొక్కారు. నొక్కనివాళ్లూ నిశ్చింతగా ఉండక్కర్లేదు. యూఆర్ఎల్‌లోని టోకెన్, లాగిన్ బాడీలోని పాస్‌వర్డ్, రెస్పాన్స్‌లోని జనాల వివరాలు, ఇవేవీ క్రోమ్ తీసెయ్యదు.

చెయ్యాల్సింది బ్రహ్మవిద్యేమీ కాదు. టెస్ట్ సర్వర్, కల్పిత డేటా ఉన్న డమ్మీ అకౌంట్, లాగిన్ అయ్యాకే మొదలుపెట్టే రికార్డింగ్, టెస్ట్‌లో టోకెన్ స్థానంలో వేరియబుల్, పని అయ్యాక సర్వర్ వైపే సెషన్‌ని చంపెయ్యడం. ట్యాబ్ మూస్తే సెషన్ చచ్చిపోతుందనుకోవడం మీ భ్రమ. డమ్మీ డేటా చెయ్యడానికి మాత్రం ఏ మేనేజర్ దగ్గరా టైముండదు. లీకయ్యాక నాలుగు రాత్రులు వార్ రూమ్‌లో కూర్చోబెట్టడానికి ఎక్కడలేని టైమూ వస్తుంది.

గిట్‌లోంచి ఫైల్ డిలీట్ చేసి "తీసేశా సార్" అంటారు కొందరు. పాత కమిట్‌లో అది భద్రంగానే ఉంటుంది. ఆ మాటంటే "రిపో ప్రైవేటే కదా" అంటారు. ఆక్టా సపోర్ట్ పోర్టల్ కూడా ప్రైవేటేనండీ.