పులిని ప్లాన్‌లోంచి తీసేయండి

ఢిల్లీ వసంత్ కుంజ్ డీడీఏ ఫ్లాట్లలో ఏ తెలుగువారింట్లోనైనా రాజస్థాన్ అడవులకు కారులో పోదామన్న మాట వచ్చిందా, కారు కదలకముందే ఇల్లు వర్గాలుగా చీలుతుంది. పిల్లలకు రణథంబోర్ పులి కావాలి, తాతగారికి అక్కడి కోటలో త్రినేత్ర గణపతి దర్శనం కావాలి, ఇంటాయనకు 2023 ఫిబ్రవరిలో తెరిచిన సోహ్నా-దౌసా ఎక్స్‌ప్రెస్‌వే మీద కారు పరిగెత్తించాలి. అడవి ఎవరికీ అక్కర్లేదు. ఇల్లాలికేం కావాలో అడిగినవాళ్లు లేరు గానీ, పులిహోర కలిపి డబ్బాల్లో సర్దే పని మాత్రం ఆవిడకు ఏకగ్రీవంగా అప్పగిస్తారు. ఇంత తగువు తెగాలంటే పులిని పక్కనబెట్టి భరత్‌పూర్ వెళ్లడమే మార్గమని నా వాదన. రణథంబోర్‌లో పది జోన్లు, ఆరుగురు పట్టే జిప్సీ, ఇరవైమంది పట్టే క్యాంటర్, ఇంటిల్లిపాదికీ గుర్తింపు కార్డులు. ఇన్ని చూపించినా పులి తన ముఖం చూపించాలన్న నిబంధన ఎక్కడా లేదు. సరిస్కా సంగతే చూడండి. ప్రాజెక్ట్ టైగర్ కింద ఉన్న అడవిలోనే ఒక్క పులీ మిగల్లేదని 2005లో తేలింది. 2008లో రణథంబోర్ నుంచి హెలికాప్టర్‌లో పులిని తెచ్చి వదలాల్సి వచ్చింది. అటవీశాఖకే దొరకని జంతువు మూడున్నర గంటల సఫారీలో మనకోసం వచ్చి నిలబడాలట! వచ్చేది దుమ్ము. దాంట్లో ఒక పంజా గుర్తు, "నిన్న ఇక్కడే ఉంది సార్" అన్న గైడ్ ఓదార్పు.

భరత్‌పూర్ కేవలాదేవ్ పక్షుల పార్కు వైశాల్యం 29 చదరపు కిలోమీటర్లే. లోపల రిక్షా ఎక్కితే నడిపే మనిషే గైడు. తాతగారి నడుముకు కుదుపుండదు, సారస్ కొంగల జంట కనబడగానే రిక్షా అతను బండి ఆపి వేలెత్తి చూపిస్తాడు. కొంగల కోసం ఇంత దూరమా, మన కొల్లేట్లో లేవా అంటారు. ఉన్నాయి. ఊళ్లో ఉన్నన్నాళ్లూ వాటిని చూడ్డానికి మనలో ఎందరం వెళ్లామన్నదే ప్రశ్న. సైబీరియా కొక్కెరలు వస్తాయని పిల్లలను ఊరించొద్దు, 2002 తర్వాత అవి అక్కడికి రాలేదు. బదులుగా అక్కడి రాతిపలక మీది వేట లెక్క చదివించండి: 1938 నవంబరులో వైస్రాయ్ లిన్‌లిత్‌గో బృందం ఒక్కరోజులో నాలుగు వేలకు పైగా పక్షులను కూల్చింది. అప్పటి వేటస్థలం 1985లో ప్రపంచ వారసత్వ స్థలమైంది. పులి మీద ఎన్ని పాఠాలు చెప్పినా పిల్లలకు ఇంత గట్టిగా ఎక్కదు.

జనవరిలో వెళ్తే పొగమంచు కదా అన్నది మాత్రం న్యాయమైన అభ్యంతరం. ముందున్న లారీయే కనబడని తెల్లవారుజామున ఎక్స్‌ప్రెస్‌వే మీద సాహసాలు వద్దు. నవంబరులో వెళ్లండి, ఆ నెలలో ఢిల్లీ గాలి పీల్చడంకంటే ఊరు దాటడమే మేలు. అయినా పులి కావాల్సిందేనని పిల్లలు పట్టుబడితే పురానా ఖిలా పక్కనున్న జూకి తీసుకెళ్లండి. శుక్రవారం సెలవు.