నన్ను తీసి పారేయకండి

కారు వేడెక్కి ఆగిందంటే చాలు, నేరం ముందు నా మీదే పడుతుంది. "ఆ థర్మోస్టాట్ వాల్వు పీకేయండి సార్, మన ఎండలకు దాంతో పనేముంది?" ఈ మాట మా కొత్తగూడెంలోనే కాదు, ఒంగోలులో అయినా, ఆదిలాబాద్‌లో అయినా వినపడుతుంది. నాలాంటివాళ్లు ఎందరో ఆ మాటకే బలై షెడ్డు మూలల్లో తుప్పు పట్టిపోయారు. నేను మిగిలాను. ఎలా మిగిలానో చెప్పాలంటే ముందు నేనేమిటో చెప్పాలి.

అరచేతిలో ఇమిడిపోతాను. గుండ్రటి లోహపు అంచు, మధ్యలో మూత, ఆ మూతను గట్టిగా బిగించి పట్టే స్ప్రింగు, దాని కింద పొట్టి ఇత్తడి గొట్టం. నా ప్రాణమంతా ఆ గొట్టంలోనే ఉంది. దాన్నిండా మైనం. ఉత్త మైనానికి వేడి తొందరగా అందదని రాగి పొడి కలుపుతారు. మైనం కరిగితే ఉబ్బుతుంది. ఉబ్బడానికి చోటు చాలక సన్నటి పుల్లను బయటికి తోస్తుంది. ఆ పుల్ల పైనున్న కమ్మీకి ఆనుకుంటుంది గనక గొట్టమే కిందికి జారి, మూతను తనతో లాక్కుపోతుంది. వేడి తగ్గితే స్ప్రింగు మళ్లీ మూసేస్తుంది. కరెంటు అక్కర్లేదు, తీగలు అక్కర్లేదు. 1930ల్లో అమెరికాలో సెర్గియస్ వెర్నెట్ ఈ మైనం కిటుకు కనిపెట్టాడు. అంతకు ముందు, వేడికి ఆవిరయ్యే ద్రవం నింపిన లోహపు తిత్తులు ఈ పని చేసేవి.

నా అంచు మీద 82 అని గుద్ది ఉంటుంది. నీళ్లు 82 డిగ్రీలకు రాగానే కదులుతాను, 95 దగ్గర పూర్తిగా తెరుచుకుంటాను. మూత కదిలే దూరం 8 మిల్లీమీటర్లు. అంతే నా రాజ్యం.

నేనుండేది 796 సీసీ, మూడు సిలిండర్ల చిన్న పెట్రోలు ఇంజనులో, రేడియేటరుకు వెళ్లే పై హోసు మొదట్లో. లోపల పెట్రోలు మండే క్షణంలో ఆ వాయువు వేడి 2000 డిగ్రీలు దాటుతుంది. పెట్రోలులోని శక్తిలో దాదాపు మూడో వంతు నీళ్లలోకి వేడిగా పోతుంది. ఆ వేడిని బయటికి మోసేది నీళ్లు, తోసేది పంపు, గాలికి వదిలేది రేడియేటరు. మరి నేనెందుకు? పొద్దున బండి తీసినప్పుడు ఆ నీళ్లను రేడియేటరుకు పోనివ్వకుండా ఇంజను చుట్టూనే తిప్పడానికి. ఇంజను చల్లగా ఉన్నంతసేపూ పెట్రోలు సరిగా ఆవిరి కాదు, మండని పెట్రోలు సిలిండరు గోడల మీది నూనెను కడిగేస్తుంది, ఇంజను ఆయిల్లో చేరిన తేమ బయటికి పోక మడ్డి కడుతుంది. ఇంజనుకు వేడి శత్రువు కాదు. హద్దు దాటిన వేడి శత్రువు, హద్దుకు చేరని వేడి కూడా శత్రువే.

'మన ఎండలకు' అనేవాళ్లకు నేను చెప్పేది ఒకటే. కొత్తగూడెంలో మే నెలలో 45 డిగ్రీలు కాసినా నా 82కు ఇంకా 37 డిగ్రీల దూరం ఉంది. ఎంత మండుటెండలో నిలబెట్టిన బండి అయినా తాళం తిప్పేసరికి నా లెక్కలో చల్లటిదే. పక్కింటి కారుకు వాల్వు పీకించారు. వేడి చూపే ముల్లు ఎప్పుడూ అడుగునే ఉంటోందని ఆ ఇంటాయన సంతోషం. చలికాలంలో ఆయిల్ పోసే మూత తీస్తే లోపల మీగడలా తెల్లటి నురగ. నన్ను పీకితే ఇంకో చిక్కు కూడా ఉంది. కొన్ని ఇంజన్లలో నేను తెరుచుకున్నప్పుడు నా అడుగు భాగమే దగ్గరి దారిని మూసి నీళ్లను రేడియేటరు వైపు మళ్లిస్తుంది. అక్కడ నన్ను తీసేస్తే వేడి నీళ్లు రేడియేటరు మొహం చూడకుండా లోపలే చక్కర్లు కొట్టి, చల్లబరచబోయిన బండి ఇంకా కాగుతుంది.

మా బండాయన సింగరేణి వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. కూతురు పాలిటెక్నిక్‌లో మెకానికల్ చదువుతోంది. ఒక మే నెలలో బజారులో బండ్ల మధ్య ఇరుక్కున్నప్పుడల్లా ముల్లు ఎర్రగీత వైపు పోయేది. ఖమ్మం రోడ్డెక్కి వేగం అందుకుంటే దిగిపోయేది. షెడ్డులో అడిగితే పాత మాటే.

"వాల్వు పీకెయ్యమన్నడు బిడ్డా. నీళ్లు ఆగకుండా తిరుగుతయట."

"పీకుదాం నాన్నా. కానీ పారెయ్యొద్దు. పనిచేస్తుందో లేదో ముందు చూద్దాం."

పొద్దున్నే, బండి పూర్తిగా చల్లారి ఉన్నప్పుడు మొదలుపెట్టారు. ఆ ఒక్క జాగ్రత్త ఎవరూ వదలకూడదు. రేడియేటరు మూత కింద ఒత్తిడి ఉంటుంది. 0.9 బార్ మూత ఉంటే ఉత్త నీళ్లు కూడా 118 డిగ్రీల దాకా మరగవు. వేడి మీద మూత తిప్పారా, ఒత్తిడి ఒక్కసారిగా పోయి ఆ నీళ్లు కుతకుతా మరిగి, ఆవిరితో సహా మొహం మీదికి లేస్తాయి. అలా కాలిన చేతులు ఊరికొకటైనా ఉంటాయి. దయచేసి ఆగండి, పై హోసు చేతికి చల్లగా తగిలేదాకా ఆగండి.

ఆ అమ్మాయి ముందుగా బండి స్టార్టు చేసి పై హోసు మీద చెయ్యి వేసింది, ఫ్యానుకు దూరంగా. చాలాసేపు చల్లగానే ఉండి, ఒక్కసారిగా చురుక్కుమంది. నేను తెరుచుకున్నానని అర్థం. నేను మూసుకునే బిగిసిపోయి ఉంటే ముల్లు పైకి పోతున్నా ఆ హోసు చల్లగానే ఉండేది. తెరుచుకునే బిగిసిపోతే మొదటి నుంచీ మెల్లగా వేడెక్కుతూ వచ్చేది. స్పానరు పట్టక ముందే నా తీర్పు సగం వచ్చేసింది. అయినా తండ్రికి నమ్మకం కుదరలేదు. బండి మళ్లీ చల్లారాక నన్ను బయటికి తీశారు.

నన్ను నీళ్లలో కాచి చూడటానికి అమ్మాయి వాళ్లమ్మ పాత గిన్నె ఒకటి ఇస్తూ, "అది మళ్లీ వంటింట్లోకి రావద్దు" అంది. సరైన మాట. ఇంజను నీళ్లలో కలిపే కూలెంటులో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, విషం. కుక్కలు నాకినా, పిల్లలు తాగినా కిడ్నీలు పోతాయి. జ్వరం చూసే థర్మామీటరు 42 దగ్గరే ఆగిపోతుంది కాబట్టి అమ్మాయి ల్యాబుల్లో వాడే గాజు థర్మామీటరు తెచ్చింది. నా మూతకూ అంచుకూ మధ్య కుట్టు దారం ఇరికించి, అడుగు తగలకుండా నీళ్లలో వేలాడదీసింది. గిన్నె అడుగు నీళ్లకంటే ఎక్కువ వేడి, అక్కడ ఆనితే లెక్క తప్పుతుంది. డెబ్భై దాటింది, ఎనభై వచ్చింది. లోపల మైనం మెత్తబడటం నాకు తెలుస్తోంది. పుల్ల కదిలింది, దారం జారింది, నేను గిన్నెలో టంగుమన్నాను.

"83" అంది.

ఆ అంకె విన్నాక తండ్రి నన్ను గుడ్డతో తుడిచి, విడిగా కాగితం మీద పెట్టాడు. ఆ తర్వాత ఆయన చేతుల్లో తొందర లేదు.

దోషం మరో చోట ఉంది. నిలబడితే కాగి, పరిగెత్తితే చల్లబడే బండిలో ముందు చూడాల్సింది ఫ్యాను. వేగంలో ఎదురుగాలే రేడియేటరును చల్లబరుస్తుంది, నిలబడ్డప్పుడు ఫ్యానే దిక్కు. రోడ్డు మీద వేగంలో వేడెక్కే బండి అయితే రేడియేటరు పూడుకుపోయిందా, నీళ్లు తగ్గాయా అని చూడాలి. అమ్మాయి, నీళ్లు బాగా వేడెక్కితే ఫ్యానును నడిపించే స్విచ్చు ప్లగ్గు పీకి, దాని రెండు కొసలనూ తీగముక్కతో కలిపింది. ఫ్యాను గిర్రున తిరిగింది. మోటారు బాగుంది, ఫ్యూజు బాగుంది. స్విచ్చును విప్పి, నన్ను ముంచిన గిన్నెలోనే దాని కొన ముంచి, బ్యాటరీకీ దానికీ మధ్య చిన్న బల్బు కలిపింది. నీళ్లు కళపెళా మరిగినా బల్బు వెలగలేదు. స్విచ్చు పోయింది.

స్విచ్చు ఒక్కటే కాదు. రేడియేటరు మూత రబ్బరు గట్టిపడి పగుళ్లిచ్చింది, ఒత్తిడి నిలవక నీళ్లు ముందే మరుగుతున్నాయి. రేడియేటరు రెక్కల సందుల్లో బొగ్గు ధూళి. కింది నుంచి దిగిన నీళ్లు తుప్పు రంగులో ఉన్నాయి. ఏళ్లుగా కూలెంటు తగ్గినప్పుడల్లా బోరు నీళ్లు పోశారు. ఆ నీళ్లలోని సున్నం లోపల గోడలకు పట్టి, వేడిని నీళ్లకు అందనివ్వదు. మన దగ్గర నీళ్లు గడ్డకట్టవు కదా, కూలెంటు దేనికి అంటారు. తుప్పు పట్టకుండా, తొందరగా మరగకుండా. సిలిండర్లను పైన మూసే అల్యూమినియం హెడ్డుకు అది అన్నంతో సమానం. కాగి కాగి ఆ హెడ్డు వంగిందా, గాస్కెట్ పోయి సైలెన్సరు నుంచి తెల్లపొగ, ఆయిల్లో నీళ్లు. అప్పుడిక ఇంటి ముందు చేసుకునే పని కాదు.

శుభ్రమైన నీళ్లు దిగేదాకా కడిగారు, దిగిన పాతది డబ్బాలో పట్టారు, కొత్త స్విచ్చు, కొత్త మూత బిగించారు. నన్ను పెట్టేటప్పుడు ఆయన నా అంచున ఉన్న చిన్న రంధ్రం, అందులో వదులుగా ఆడే పిన్ను పైకి వచ్చేలా చూశాడు. లోపల చిక్కిన గాలి బయటపడే దారి అదొక్కటే, కిందికి పెడితే గాలి బుడగ నా దగ్గరే కూర్చుంటుంది, వేడి నీళ్లు నన్ను తాకవు. గాస్కెట్ కొత్తది వేసి, కూలెంటు సగం, బ్యాటరీ నీళ్లు సగం పోసి, మూత పెట్టకుండానే స్టార్టు చేశారు. బుడగలు వచ్చాయి. నేను తెరుచుకోగానే రేడియేటరులో మట్టం గబుక్కున దిగింది, అమ్మాయి మళ్లీ పోసింది. బుడగలు ఆగాక మూత బిగించింది. ఇంకాసేపటికి ఫ్యాను తనంతట తను తిరిగింది, ఆగింది, మళ్లీ తిరిగింది.

మర్నాడు పొద్దున కూలెంటు రిజర్వు డబ్బాలో మట్టం కింది గీత దగ్గరికి వచ్చింది. ఆయన పై గీత దాకా నింపి, బండి తీసుకుని బజారుకు బయల్దేరాడు.