మిట్ట ఎక్కే తలకు మినహాయింపు

మిట్ట మినహాయింపు అనేది హైదరాబాద్ పడమటి గుట్టల మీద సెలవు రోజు తెల్లవారుజామున పాటించే ఆచారం. మౌంటెన్ బైకు మీద పైకి ఎక్కుతున్నంతసేపూ హెల్మెట్ హ్యాండిల్‌కు వేలాడుతుంది. కిందికి దిగే ముందు తల మీదికి వస్తుంది. ఎక్కేటప్పుడు ప్రమాదం జరగదు, జరిగితే గిరిగితే దిగేటప్పుడే జరుగుతుంది అన్నది దీని మూలసిద్ధాంతం. ఈ సిద్ధాంతానికి కర్త లేడు గానీ అనుచరులకు కొదవ లేదు.

షేక్‌పేట వైపు నుంచి ఫిల్మ్‌నగర్ మీదుగా జూబ్లీహిల్స్‌కు ఎక్కే రోడ్లు, దుర్గం చెరువు దగ్గర్నుంచి రోడ్ నంబర్ 45 వైపు లేచే దారి, కేబీఆర్ పార్కు చుట్టూ ఉన్న ఎత్తుపల్లాలు ఈ ఆచారానికి పుణ్యక్షేత్రాలు. తారు రోడ్డు తమ సైకిలు స్థాయికి తగదనుకునేవారికి ఖాజాగూడ గుట్ట ఉండనే ఉంది. అక్కడి గ్రానైట్ వయసు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. ఇంతకాలంగా అక్కడే ఉన్న రాయికి, తన మీద పడిన తల పైకి పోతోందా కిందికి వస్తోందా అని విచారించే అలవాటు లేదు.

ఆచరణ విధానం చూడదగ్గది. లక్ష రూపాయలు దాటిన సైకిలు, దాని హ్యాండిల్‌కు మెడపట్టీతో కట్టిన హెల్మెట్. కాలు పెడల్ మీద దిగినప్పుడల్లా అది ఊగి బ్రేకు లివరుకు తగిలి టక్కుమంటుంది. పట్టీ కొస బ్రేకు కేబుల్‌లో చిక్కుకుంటుంది. దాన్ని విడదీయడానికి ఒక చెయ్యి వదలాలి. చెయ్యి వదిలితే ముందు చక్రం పక్కకు వంగుతుంది. తలను కాపాడటానికి కొన్న వస్తువు సైకిలును పడేసే పనిలో ఉంటుంది. ఆపసోపాలు పడుతూ పైకి చేరగానే సైకిలు ఆగుతుంది, నుదుటి చెమట తుడుచుకోవడం అవుతుంది, హెల్మెట్ తలకెక్కుతుంది, గడ్డం కింద పట్టీ బిగుస్తుంది. అప్పుడు సెల్ఫీ. ఫొటోలో మాత్రం దారి పొడవునా హెల్మెట్ పెట్టుకునే వచ్చినట్టు ఉంటుంది. సినిమాల్లో ఒక షాట్‌లో ఉన్న టోపీ మరో షాట్‌లో మాయమైతే కంటిన్యూటీ చూసే అసిస్టెంట్ డైరెక్టర్‌కు చీవాట్లు తప్పవు. సినిమా వాళ్ల ఊళ్లోనే ఈ కంటిన్యూటీ ఎవరికీ పట్టకపోవడం విశేషం.

ఇక వాదాలు. మొదటిది వేగం. ఎక్కేటప్పుడు సైకిలు గంటకు ఎనిమిది, పది కిలోమీటర్లకు మించి పోదు, ఆ మాత్రం వేగానికి తలకేమవుతుంది అని అంటారు. అంకె నిజమే, లెక్క తప్పు. తల నేలకు తగిలే వేగంలో సైకిలు ముందుకు పోయే వేగం ఒక పాలు మాత్రమే, తల ఎంత ఎత్తు నుంచి పడిందన్నది రెండోది. మిట్ట ఎక్కినా పల్లం దిగినా మనిషి ఎత్తు ఒకటే. సైకిలు హెల్మెట్లకు యూరప్‌లో వాడే ఈఎన్ 1078 ప్రమాణం ఈ సంగతి మీదే నిలబడింది. హెల్మెట్ తొడిగిన తల బొమ్మను సుమారు మీటరున్నర ఎత్తు నుంచి చదునైన ఇనుప దిమ్మె మీదికి వదులుతారు. అది సెకనుకు 5.42 మీటర్ల వేగంతో, అంటే గంటకు దాదాపు 19.5 కిలోమీటర్లతో తగులుతుంది. ఆ దెబ్బకు లోపలి బొమ్మ అదురు గురుత్వాకర్షణకు 250 రెట్లు దాటకూడదు. ఈ పరీక్షలో సైకిలు ఉండదు, పెడల్ ఉండదు, ముందుకు పోయే వేగం అసలే ఉండదు. నిలబడ్డ చోటే కూలిన తలకు తగిలే దెబ్బ అది. సైకిలు మీద కూర్చున్న మనిషి తల అంతే ఎత్తులో, తరచు కాస్త పైనే ఉంటుంది. గంటకు సున్నా కిలోమీటర్ల వేగంతో పడినా ఆ 19.5 అతని వాటాకు వస్తుంది. జూబ్లీహిల్స్ పెద్దమ్మ గుడి ముందు కొబ్బరికాయ కొట్టేవాళ్లెవరూ పల్లంలో పరుగెత్తుకుంటూ వచ్చి కొట్టరు, నిలబడి చెయ్యి విసిరితే చాలు.

సున్నా వేగంతో ఎవరు పడతారన్న సందేహానికి మిట్టే జవాబు. ఎక్కేటప్పుడు పడే తీరులు దిగేటప్పటి వాటి కంటే వేరు, కొన్ని వింతైనవి కూడా. బూటు అడుగున క్లీట్ బిగించుకుని పెడల్‌కు లంకె వేసుకునేవారు నిట్టనిలువు చోట గేరు మార్చడం ఆలస్యమైతే ఆగిపోతారు. ఆగిన సైకిలు నిలబడదు. మడమ పక్కకు తిప్పితే గానీ పాదం ఊడి రాదు, ఆ తిప్పడానికి అర సెకను కావాలి, ఆ అర సెకను దొరకదు. మనిషి, సైకిలు ఒకే ముక్కగా పక్కకు ఒరుగుతారు. చేతులు హ్యాండిల్‌నే పట్టుకుని ఉంటాయి కాబట్టి భుజం ముందు, దాని వెంట తల నేలను చేరతాయి. రెండో రకం ఇంకా నాటకీయం. వాలు బాగా పెరిగినచోట బరువంతా వెనక చక్రం మీద పడి, ఒక్క గట్టి తొక్కుకు ముందు చక్రం గాల్లోకి లేస్తుంది. మనిషి వెనక్కి వెళ్తాడు. వెనక్కి పడేవాడికి నేల కనిపించదు, మొదట తగిలేది తల వెనక భాగం కావచ్చు. మూడోది వదులు కంకర. వెనక చక్రం పట్టు తప్పి తిరుగుతుంది, సైకిలు కింద నుంచి జారిపోతుంది. ఈ మూడింటికీ వేగం అక్కర్లేదు, అలసట చాలు. అలసట మిట్ట మీద దండిగా ఉంటుంది.

పైగా మిట్ట రోడ్డు సైకిలువాడి సొంతం కాదు. అతని వేగం పది కావచ్చు, వెనక నుంచి వచ్చే నీళ్ల ట్యాంకరుది పది కాదు. రాత్రి పార్టీ తెల్లవారి ముగించుకుని ఇంటికి పోయే కారుదీ కాదు. నెమ్మదిగా ఎక్కే సైకిలు తిన్నగా పోదు, పాములా మెలికలు తిరుగుతుంది. సైకిలు హెల్మెట్ లారీ దెబ్బకు కట్టిన కోట కాదన్న మాట కూడా ఇక్కడే ఒప్పుకోవాలి. అది తల నేలకు తగిలినప్పుడు పనికొచ్చే వస్తువు. అయితే వాహనం తాకిన సైకిలువాడు కూడా చివరికి పడేది నేల మీదే.

రెండో వాదం ఉక్కపోత. వాదాలన్నింటిలో నిజాయితీ ఉన్నది ఇదొక్కటే. పల్లంలో గాలి హెల్మెట్ రంధ్రాల గుండా దూసుకుపోయి తలను చల్లబరుస్తుంది. మిట్ట మీద ఆ గాలి ఉండదు, ఒళ్లు మాత్రం పొయ్యిలా ఉంటుంది. మే నెల మధ్యాహ్నం హైదరాబాద్ ఎండలో ఇది చిన్న బాధ కాదు. కానీ ఈ ఆచారాన్ని పాటించేవారు మధ్యాహ్నం పన్నెండింటికి బయల్దేరరు. డిసెంబర్ తెల్లవారుజామున జర్కిన్ వేసుకుని, చేతులకు గ్లవ్స్ తొడుక్కుని, చెవులకు మఫ్లర్ చుట్టుకుని, నెత్తిన హెల్మెట్ పెడితే మాత్రం ఉక్క అని హ్యాండిల్‌కు తగిలిస్తారు. వేడి సమస్యను మౌంటెన్ బైకింగ్ క్రీడ గుర్తించకపోలేదు. ముఖమంతా కప్పే హెల్మెట్లలో దవడ భాగం ఊడదీసే రకాలు వచ్చాయి. ఎక్కేటప్పుడు దవడ కవచం విప్పి సంచిలో వేసుకోవచ్చు, దిగేటప్పుడు బిగించుకోవచ్చు. తయారీదారులు దవడనే విప్పదీశారు, పుర్రె మీది డిప్పను ముట్టుకోలేదు. అనుచరులు ఈ సవరణను ఇంకాస్త ముందుకు తీసుకెళ్లారన్నమాట.

మూడో వాదం నెదర్లాండ్స్. అక్కడ లక్షలాది మంది హెల్మెట్ లేకుండానే తొక్కుతారు కదా అంటారు. తొక్కుతారు, విడిగా కట్టిన సైకిలు బాటల మీద, నిటారుగా కూర్చుని, కూరగాయలకూ ఆఫీసుకూ. యూరప్‌లోని ఆ దేశపు భూభాగంలో అన్నింటికంటే ఎత్తైన చోటు వాల్సర్‌బర్గ్, 322 మీటర్లు. హైదరాబాద్ నగరం సగటున 540 మీటర్ల పైచిలుకు ఎత్తులో ఉంది. మిట్ట మీద హెల్మెట్ కావాలా అన్న కేసులో మిట్టలే లేని దేశాన్ని సాక్షిగా పిలిచిన ఘనత ఈ వాదానిదే.

నాలుగోది ప్రొఫెషనల్స్ ప్రస్తావన, దీనికి చరిత్ర ఉంది. అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య 1991లో రేసుల్లో హెల్మెట్ తప్పనిసరి చేయబోతే, పారిస్–నీస్ పోటీలో రైడర్లు సమ్మె కట్టారు, సమాఖ్య వెనక్కి తగ్గింది. 2003 మార్చిలో అదే పారిస్–నీస్‌లో కజకిస్థాన్ రైడర్ ఆంద్రేయ్ కివిలెవ్ హెల్మెట్ లేకుండా పడి, తల గాయంతో మర్నాడు చనిపోయాడు. ఆ మే నెలలో నియమం వచ్చింది. అందులోనూ మిట్ట మినహాయింపు చోటు చేసుకుంది. రేసు చివరి ఎక్కుడు కనీసం 5 కిలోమీటర్లు ఉంటే, అక్కడ హెల్మెట్ తీసేయవచ్చు. తర్వాతి సవరణల్లో ఆ వెసులుబాటునూ ఎత్తేశారు. అంటే ఫిల్మ్‌నగర్‌లో నేటికీ అమలవుతున్నది సమాఖ్య చెత్తబుట్టలో వేసిన నియమం. అది బతికున్న రోజుల్లో కూడా ఐదు కిలోమీటర్లు ఏకబిగిన లేచే మిట్ట కావాలంది. జూబ్లీహిల్స్‌లో అంత పొడుగు మిట్ట ఎక్కడా లేదు. అర కిలోమీటరు ఎక్కి టూర్ డి ఫ్రాన్స్ హక్కులు అడగడం మన వాళ్లకే చెల్లింది.

సినిమా ఊరు కాబట్టి సినిమా ప్రభావం చెప్పకుండా ఈ విషయం పూర్తి కాదు. తెలుగు తెర మీద సైకిలుకు దక్కిన పెద్ద గౌరవం 1989 నాటి ‘శివ’. నాగార్జున సైకిలు చైను లాగి చేతికి చుట్టుకున్న క్షణం నుంచి సైకిలులో ప్రతి భాగం వీరత్వానికి పనికొస్తుందని కుర్రకారు నమ్మింది. హెల్మెట్‌కు మాత్రం అలాంటి సీను ఇంతవరకూ పడలేదు. హీరో జుట్టు దాచే వస్తువుకు పడే అవకాశమూ తక్కువే. కానీ ఆ జుట్టు వెనక ఉన్న ఏర్పాటు వేరు. కింద పడే పని హీరోది కాదు, డూప్‌ది. ఫైటర్లు ఒక్క దూకుడుకు ముందు మోకాళ్లకు, మోచేతులకు ప్యాడ్లు కట్టుకుంటారు, పడే చోట పరుపులు వేయిస్తారు, రిహార్సల్ చేస్తారు, నడుముకు తాడు కట్టుకుంటారు. పడటమే జీవనోపాధి అయిన మనిషి కవచం లేకుండా పడడు. ఆరోగ్యం కోసం సైకిలు కొన్న మనిషి తాను పడనే పడననుకుంటాడు. ఫిల్మ్‌నగర్‌లో ఈ ఇద్దరూ ఒకే రోడ్డు మీద ఎదురుపడుతుంటారు.

అదే పరిశ్రమ నుంచి నిజ జీవిత ఉదాహరణా ఉంది. 2021 సెప్టెంబర్ 10న, వినాయక చవితి రాత్రి, నటుడు సాయి ధరమ్ తేజ్ దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి దగ్గర బైకు జారి పడ్డారు. తలకు హెల్మెట్ ఉంది. వారాల తరబడి ఆసుపత్రిలో ఉండి కోలుకున్నారు, ఆ తర్వాత సినిమా వేదికల మీద హెల్మెట్ పెట్టుకోండని అభిమానులను అడుగుతూ వచ్చారు. అది మోటారు బైకు, ఇది సైకిలు అని అనుచరులు వెంటనే తేడా చూపిస్తారు. తేడా ఉంది. చట్టం దృష్టిలో కూడా ఉంది. మోటారు వాహనాల చట్టంలోని 129వ సెక్షన్ మోటారు ద్విచక్రవాహనానికే వర్తిస్తుంది, సైకిలును వదిలేసింది. అయితే హెల్మెట్ అంటే తలకు పట్టీతో గట్టిగా బిగించి ఉండాలని అదే సెక్షన్ విడమరిచి చెబుతుంది. ట్యాంకు మీద పెట్టినది, మోచేతికి తగిలించినది హెల్మెట్ కాదని శాసనకర్తలు ముందే ఊహించారంటే, దేశ ప్రజల మీద వారికి ఎంత అవగాహన ఉందో తెలుస్తుంది.

అంకెలు అడిగేవారికి అంకెలూ ఉన్నాయి. ఆస్ట్రేలియాకు చెందిన ఒలివియర్, క్రైటన్ 40 అధ్యయనాలను, గాయపడిన 64 వేల మందికి పైగా సైక్లిస్టుల వివరాలను కలిపి చూశారు. హెల్మెట్ ఉన్నవారిలో తల గాయాల అవకాశం 51 శాతం, తీవ్రమైన తల గాయాల అవకాశం 69 శాతం తక్కువని తేలింది.

హ్యాండిల్‌కు వేలాడే హెల్మెట్‌కు మరో ముప్పూ ఉంది. లోపలిది థర్మకోల్ జాతి పొర. అది నలిగి దెబ్బను మింగుతుంది, ఒకసారి నలిగితే మళ్లీ లేవదు. మిట్ట పొడవునా లివరుకు కొట్టుకుని, రెండు మూడుసార్లు కొక్కెం ఊడి రోడ్డు మీద దొర్లిన హెల్మెట్ పల్లంలో ఎంత పనిచేస్తుందన్నది అనుమానమే. గట్టి దెబ్బ తిన్నదాన్ని మార్చాలి.

మిట్ట మీద హెల్మెట్ పెట్టుకోవాలా అన్న ప్రశ్నకు జవాబు: పెట్టుకోవాలి, పట్టీ బిగించాలి, వేడెక్కితే ఆగి నీళ్లు తాగాలి. సైకిలు దిగి నడిపించుకుంటూ ఎక్కేవారికి మాత్రం మినహాయింపు వర్తిస్తుంది.